ఫైరింజన్‌కి అందే నీళ్ళు

స్థానిక చరిత్ర మీద వ్యాసం రాయమని సోషల్ సార్ చెప్పినప్పుడు మా పదో తరగతిలో సగం మంది కేజీఎఫ్ బంగారు గనులు తీసుకున్నారు. మిగిలినవాళ్ళలో కొందరు కోలారమ్మ గుడి, కొందరు సుగటూరు పాలెగాళ్ళు. నేను ఫైరింజన్ అన్నాను. వెనక బెంచీలో నవ్వులు. "ఎర్ర లారీకి చరిత్రేముందే?" అంది ఒకమ్మాయి. ఉంది. కాకపోతే అది లారీతో మొదలు కాదు. మిగతా దేశాల్లో బావితోనూ బక్కెట్టుతోనూ మొదలయింది, మన కోలారు సీమలో చెరువుతో మొదలయింది.

ముందు పేరు సంగతి చెప్పాలి. కోలారులో ఆ కట్టడం మీద కన్నడంలో 'అగ్నిశామక ఠాణె' అని ఉంటుంది. మన తెలుగు పుస్తకాల్లో 'అగ్నిమాపక కేంద్రం' అంటారు. కన్నడం వాళ్ళు అగ్గిని శాంతపరుస్తారు, మనం మాపేస్తాం. రెండు భాషల మధ్య పెరిగే మాలాంటి పిల్లలకి ఇలాంటివి తమాషాగా ఉంటాయి. మా అవ్వ మాత్రం ఈ రెండు మాటలూ ఎరగదు. ఆమెకి అది 'ఫైరింజన్' ఒక్కటే. ఆమె చిన్నప్పుడు అదీ తెలియదట.

"మరి అగ్గంటుకుంటే ఏం చేసేవాళ్ళవ్వా?" అని అడిగాను.

"ఏం చేస్తారు అమ్మణ్ణీ, అరుస్తారు. ఊరంతా కడవలెత్తుకొని ఉరుకుతుంది. కాలే వామిని ఎవురూ ముట్టుకోరు. దాని పక్క వామిని లాగేస్తారు."

ఈ ఒక్క మాటలో చాలా ఉంది. రాగి గడ్డి వామి ఒకసారి అంటుకుంటే లోపల్లోపల కాలుతూనే ఉంటుంది, కడవతో పోసే నీళ్ళు దాని పొట్టలోకి దిగవు. అందుకని ఉన్న కాసిని నీళ్ళతో గోనెపట్టాలు తడిపి పక్క వామి మీద, పక్క కొట్టం మీద కప్పేవాళ్ళు. పొడుగాటి దోటితో కొట్టం మీది గడ్డిని పీకి కింద పడేసేవాళ్ళు. చిన్న నిప్పుల్ని పచ్చి వేపమండలతో బాదేవాళ్ళు, మట్టి చల్లేవాళ్ళు. కాలిపోయేదాన్ని వదిలి కాలనిదాన్ని కాపాడడం అన్నమాట. 1666లో లండన్ నగరం కాలిపోయినప్పుడు అక్కడివాళ్ళూ ఇదే చేశారు. పొడుగు కర్రలకి ఇనుప కొక్కేలు బిగించి, మంట దారిలో ఉన్న ఇళ్ళను ముందే లాగి కూల్చేశారు. వాళ్ళ చర్చిల్లో తోలు బక్కెట్లు వేలాడేవి. మా ఊళ్ళో కపిల బావికి తోలు బాన ఉండేది. లండన్ కొక్కేనికీ మా దోటికీ పెద్ద తేడా నాకు కనిపించలేదు.

ఇంకో సంగతి. అవ్వ చెప్పిన మంటలన్నిట్లో కాలినవి కొట్టాలే. మట్టిమిద్దె కాలినట్టు, బండల ఇల్లు కాలినట్టు ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు. కోలారు జిల్లాలో రాతికి కొదవ లేదు, స్థోమత ఉన్నవాళ్ళు రాతి బండలు పరచుకున్నారు. లేనివాళ్ళు బోద కప్పుకున్నారు. నిప్పు అందరినీ సమానంగా చూస్తుందని పెద్దలంటారు గానీ, నాకు ఆ మాట మీద నమ్మకం లేదు.

ఇక చెరువు. మా జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. పాలారు ఉంది, పేరులోనే పాలు, ఎక్కువ నెలలు ఇసకే. అందుకే పాతకాలం వాళ్ళు వాననీటిని ఎక్కడికక్కడ కట్టలు కట్టి ఆపారు. ఒక చెరువు నిండి మరువ పారితే ఆ నీళ్ళు కింది చెరువుకి పోతాయి, అది నిండితే ఇంకో దానికి. విజయనగర రాయల కాలంలో మా సుగటూరు నుంచి లేచిన పాలెగాళ్ళు కోలారు, హొసకోటె ప్రాంతాలు ఏలారు. హొసకోటె ఊరూ, దాని పెద్ద చెరువూ సుగటూరు తమ్మేగౌడ కట్టించినవే అంటారు. పాలెగాడి కత్తి గురించి మా తరగతిలో ఇద్దరు వ్యాసాలు రాశారు కాబట్టి నేను చెరువు గురించే రాస్తాను. చెరువు తూము తీసి మూసే పని నీరుగంటిది. ఎవరి మడికి ఎన్ని నీళ్ళో అతనికే తెలుసు. మంటలార్పే ఉద్యోగం ఏ ఊళ్ళోనూ లేదు, కానీ ఏ నెలలో ఎక్కడ నీళ్ళుంటాయో తెలిసిన మనిషి మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఉండేవాడు. నన్నడిగితే మన ఊళ్ళ మొదటి ఫైర్ ఆఫీసరు నీరుగంటే.

మంటలార్పడమే ఉద్యోగంగా జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకోవడం రోము నగరంలో క్రీ.శ. 6లో అగస్టస్ చక్రవర్తి చేశాడు. నగరమంతా ఏడు దళాలు, రాత్రిళ్ళు వీధుల్లో కాపలా. నీళ్ళను ఒత్తిడితో చిమ్మే పంపు అంతకన్నా పాతది, క్రీస్తుకి పూర్వమే అలెగ్జాండ్రియాలో తయారయింది. కానీ పంపు ఉంటే సరిపోదు, ఆ నీళ్ళు మంట దాకా పోవాలి. 1670ల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ వాన్ డెర్ హైడెన్ అనే చిత్రకారుడు తోలుతో పొడుగాటి గొట్టం కుట్టించి పంపుకి తగిలించాడు. అప్పటిదాకా మనిషి నీళ్ళు పట్టుకొని మంట దగ్గరికి పోయేవాడు, ఆ తర్వాత మనిషి దూరంగా నిలబడితే నీళ్ళు పోయాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప వస్తువు ఇంజను కాదు, ఆ గొట్టమే.

మన దేశంలో బొంబాయి అగ్నిమాపక దళం మొదట పోలీసుల చేతిలో ఉండి, 1887లో మునిసిపాలిటీ కిందికి వచ్చింది. అప్పట్లో బండ్లను గుర్రాలు లాగేవి. మద్రాసు నగరానికి 1908లో దళం ఏర్పడింది. ఇవన్నీ పెద్ద నగరాలు, ఓడరేవులు, పత్తి గోదాములు ఉన్న చోట్లు. పల్లెలకి ఎవరూ ఫైరింజన్ గురించి ఆలోచించలేదు. చిన్న పట్టణాల గురించి ఆలోచించేలా చేసింది రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. బాంబు పేలి పోయేదానికన్నా తర్వాత అంటుకునే మంటలతో పోయేదే ఎక్కువని లండన్‌లో అప్పటికే చూశారు. దాంతో చాలా చోట్ల జనానికి ఇసుక బక్కెట్లు, చేతిపంపులు ఇచ్చి నేర్పించారు. జీపు వెనకో లారీ వెనకో తగిలించుకొని పోయే ట్రెయిలర్ పంపులు ఆ కాలంలోనే బాగా వాడుకలోకి వచ్చాయి.

రెండేళ్ళకి 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ అంటుకుంది. అందులో పత్తి బేళ్ళు, వాటితోబాటు సుమారు 1,400 టన్నుల పేలుడు సామాను, ఇంకా బంగారు కడ్డీలు. పత్తినీ మందుగుండునీ ఒకే ఓడలో ఎవరైనా వేస్తారా? వేశారు. మంట ఆర్పడానికి వెళ్ళినవాళ్ళు ఓడ మీద ఉండగానే అది పేలింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. బంగారు కడ్డీలు ఊరి మీదికి ఎగిరి పడ్డాయి, ఒకటి మైలు దూరంలో ఒకాయన ఇంటికప్పు పగలగొట్టుకొని లోపల పడింది. బంగారు సీమలో పుట్టిన నాకు ఆ కడ్డీ గుర్తుండిపోయింది, కానీ దేశం గుర్తు పెట్టుకున్నది ఆ 66 మందిని. ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం జరిపేది వాళ్ళ కోసమే.

మన రాష్ట్రం అప్పటికి మైసూరు. 1964లో అగ్నిమాపక దళానికంటూ ఒక చట్టం చేశారు, 1965లో అది వేరే శాఖ అయింది. జిల్లా కేంద్రాల్లో, తర్వాత మరిన్ని పట్టణాల్లో స్టేషన్లు వచ్చాయి. ఇప్పుడు 101 కొట్టినా 112 కొట్టినా బండి వస్తుంది.

కేజీఎఫ్ గురించి రాయకపోతే ఈ వ్యాసం మా జిల్లాది కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ పని మొదలుపెట్టింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు వైపుల నుంచి తెలుగువాళ్ళూ తమిళులూ కూలికి వచ్చారు. వాళ్ళకిచ్చిన ఇళ్ళు వెదురు తట్టీలతో కట్టిన వరస గుడిసెలు. ఒకటి అంటుకుంటే వరసంతా పోయే రకం. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చేదాకా గనుల యంత్రాలన్నీ ఆవిరి మీద నడిచాయి, బాయిలర్ల కోసం కట్టెలు గుట్టలుగా పోసేవాళ్ళు. పైన ఇలా ఉంటే, కింద ఇంకో రకం భయం.

గనిలో మంట పైన మంటలాంటిది కాదు. పైన కాలితే పొగ ఆకాశానికి పోతుంది. కింద సొరంగానికి ఆపుగా దుంగలు పెడతారు. అవి అంటుకుంటే పొగకి పోయే దారి మనుషులు పోయే దారే. గాలి చాలక కర్ర సగం సగంగా కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునేదానికన్నా రెండొందల రెట్లు గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. అందుకే గని మంటల్లో నిప్పు తగలకుండానే మనుషులు పోతారు. ఆ గాలిని కనిపెట్టడానికి కొన్ని దేశాల గనుల్లో పంజరంలో కానరీ పిట్టను పట్టుకుపోయేవాళ్ళు. పిట్ట సోలిపోతే మనిషి వెనక్కి తిరగాలి. పిట్టనెవరూ అడగలేదనుకోండి.

అలాంటి గాలిలోకి దిగడానికి నీళ్ళ గొట్టం కాదు, ఊపిరి పెట్టె కావాలి. 1870ల చివర్లో హెన్రీ ఫ్లూస్ అనే ఆంగ్లేయుడు ఒకటి తయారు చేశాడు. సీసాలో ఆక్సిజన్, సంచిలో మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేసే మందు. వదిలిన గాలే శుభ్రమై మళ్ళీ ముక్కుకి వస్తుంది. దాన్ని బాగుచేసి 'ప్రోటో' అనే పేరుతో చేసిన సాధనం రెండు గంటలు పనిచేసేది. ప్రపంచమంతా గని రక్షణ దళాలు చాలా ఏళ్ళు అదే తగిలించుకున్నాయి. తెలుగు నేల మీద సింగరేణి బొగ్గు గనులకి రామగుండంలో ఇలాంటి రక్షణ కేంద్రం ఉంది. బొగ్గు తనే అంటుకుంటుంది, బంగారం అంటుకోదు. కానీ మా ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి లోతుకి పోయింది, అక్కడ రాయే 60 డిగ్రీలకి పైన వేడి. పై నుంచి చల్లటి గాలి పంపకపోతే నిప్పు లేకుండానే మనిషి నిలవలేడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. నీళ్ళు తోడే పంపులు ఆగాక ఆ సొరంగాలు నిండిపోయాయి. నీళ్ళు లేని జిల్లాలో ఎక్కువ నీళ్ళున్న చోటు అదేనేమో, ఎవరికీ అందనంత లోతులో.

ఇంకొక మంట గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే ఈ పత్రిక చదివేవాళ్ళలో అమ్మానాన్నలు ఉన్నారు. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక స్కూల్లో 94 మంది పిల్లలు చనిపోయారు. మధ్యాహ్నం భోజనం వండే వంటింట్లో నిప్పు రేగి పై అంతస్తు మీది ఆకు కప్పుకి అంటుకుంది. దిగడానికి ఇరుకు మెట్లు. కప్పు పిల్లల మీద పడింది. ఆ కేసు నుంచే సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో దేశంలోని అన్ని స్కూళ్ళకీ అగ్ని భద్రత ఉండాలని తీర్పిచ్చింది. స్కూల్లో గోడకి వేలాడే ఎర్ర సిలిండర్లను మేము రోజూ చూసీ చూడనట్టు పోతాం. వాటి వెనక ఆ 94 మంది ఉన్నారు. మా అవ్వ చెప్పిన కొట్టాల సంగతే ఇక్కడా, ఆకు కప్పు కిందికి ఎవరి పిల్లలు వచ్చారో ఆలోచించండి.

ఒకసారి మా స్కూలుకి ఫైర్ సిబ్బంది వచ్చి సిలిండర్ ఎలా వాడాలో, నూనె మంట మీద నీళ్ళెందుకు పోయకూడదో చూపించారు. పిల్లలందరూ బండి ఎక్కడానికి ఎగబడ్డారు. నేను వాళ్ళలో పెద్దాయన్ని అడిగాను, "ఊరికి రాగానే మీరు ముందు ఏం చేస్తారు సార్?" అని. నిచ్చెన వేస్తాం, సైరన్ ఆపుతాం, అలాంటిదేదో చెబుతారనుకున్నాను. ఆయన, "నీళ్ళెక్కడున్నాయని అడుగుతాం తల్లీ" అన్నారు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. మామూలు ఫైరింజన్‌లో పట్టేది 4,500 లీటర్లు. ఒక్క గొట్టం నుంచి నిమిషానికి 450 లీటర్లు పోతే పది నిమిషాల్లో బండి ఖాళీ. రెండు గొట్టాలు పట్టుకుంటే అయిదు నిమిషాలు. గడ్డివామి అయిదు నిమిషాల్లో ఆరదు. కాబట్టి బండి మళ్ళీ నిండాలి. బండిలో లావుపాటి గట్టి పైపు ఒకటి ఉంటుంది, దాన్ని చెరువులోకో బావిలోకో దించి పంపుతో లాగుతారు. ఇక్కడే చిక్కు.

పంపు నీళ్ళను పీలుస్తుందని మనం అంటాం, నిజానికి పీల్చదు. పైపులోని గాలిని తీసేస్తుంది, అప్పుడు బయట ఉన్న గాలి బరువు నీళ్ళను పైపులోకి నెడుతుంది. గాలి బరువుకీ ఒక హద్దు ఉంది. ఇటలీలో బావుల నుంచి నీళ్ళు తోడే పంపులు ఒక ఎత్తు దాటి పనిచేయడం లేదని గెలీలియో కూడా తన పుస్తకంలో రాశాడు. ఆయన శిష్యుడు టారిసెల్లి పాదరసం గొట్టంతో కారణం తేల్చాడు, మా తొమ్మిదో తరగతి సైన్సు అదే. సముద్ర మట్టం దగ్గర ఆ హద్దు 10.3 మీటర్లు. కోలారు 800 మీటర్లకి పైన ఎత్తులో ఉంది కాబట్టి ఇంకా తక్కువ. పైపులో రాపిడి, అక్కడక్కడ గాలి చొరబడడం లెక్కేసుకుంటే ఫైరింజన్ నిజంగా లాగగలిగేది సుమారు ఏడు మీటర్ల లోతు నుంచి. ఎంత ఖరీదైన బండి అయినా అంతే. డబ్బు పోసినా గాలి బరువు పెరగదు.

ఏడు మీటర్లంటే ఇరవై మూడు అడుగులు. మా వైపు బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. బోరులో పంపు అడుగున ఉండి పైకి నెడుతుంది కాబట్టి నీళ్ళు వస్తాయి, నిజమే. కానీ నిమిషానికి 100 లీటర్లిచ్చే బోరుతో బండి నింపడానికి 45 నిమిషాలు పడుతుంది. అదీ ఆ టైముకి త్రీఫేస్ కరెంటు ఉంటే. పట్టుపురుగుల షెడ్డులో తట్టలు అంటుకున్నా, పశువుల కొట్టం అంటుకున్నా 45 నిమిషాలు ఎవరు ఆగుతారు?

మా అవ్వ కాలంలో ఫైరింజన్ లేదు, చేతికందే నీళ్ళు ఉన్నాయి. ఇప్పుడు ఫైరింజన్ ఉంది, పైపుకందే నీళ్ళు లేవు. చెరువుల్లో పూడిక నిండింది, కట్టల లోపలే నీలగిరి తోపులు వేశారు. మా వీధి చుట్టుపక్కల మూడు పాత బావులున్నాయి. ఒకదాని నిండా చెత్త. ఒకదాన్ని పిల్లలు పడతారని బండతో మూసేశారు. మూడోదాంట్లోకి వంగి చూస్తే అడుగున పావురాలు కనిపించాయి. ఎండాకాలం అంతరగంగ కొండ మీద గడ్డి అంటుకుంటే రాత్రి ఎర్రటి గీత దూరానికి కనిపిస్తుంది. బండి ఆ కొండ ఎక్కలేదు, ఎక్కినా పైన చెరువు లేదు. అక్కడ ఇప్పటికీ పచ్చి మండలే ఆయుధం.

2018 నుంచి బెంగళూరు కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకి పంపుతున్నారు. కేసీ వ్యాలీ నీళ్ళంటారు. తాగడానికి కాదు, భూమిలోకి ఇంకి బోర్లు పెరగడానికి. ఆ నీళ్ళు ఇంకా బాగా శుద్ధి కావాలని కొందరు గట్టిగా అంటున్నారు, వాళ్ళ భయం నాకు తప్పనిపించదు. మంటకి మాత్రం నీళ్ళ మంచిచెడ్డలతో పని లేదు. కట్ట పక్కన బండి నిలిచే చోటు ఉండి, పైపు దించితే ఏడు మీటర్లలోపు నీళ్ళు తగిలితే చాలు.

ఈ వ్యాసం కోసం నేను మా ఊరి పటం ఒకటి గీశాను. అందులో ఇళ్ళు లేవు, గుళ్ళు లేవు. నీళ్ళున్న చోట్లు, వాటి దాకా లారీ పోయే దారి, ఏ నెల వరకు నీళ్ళుంటాయో అంతే. నెలలు చెప్పింది మా అవ్వా, చెరువు కింద మడి చేసే ఒక తాతా. చైత్రం, వైశాఖం గళ్ళు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. సార్ ఆ పటాన్ని రెండు కాపీలు తీయించారు. ఒకటి స్కూల్లో ఎర్ర సిలిండర్ పక్కన అంటించాం. రెండోది కోలారు స్టేషన్‌కి ఇద్దామని కింద కన్నడంలో పేర్లు రాస్తున్నాను. 'మరువ' అన్న మాటకి కన్నడం దొరకలేదు. తాతని అడిగితే 'కోడి' అనాలన్నాడు, అదే రాశాను.